కొత్త సీడీ ప్లేయర్‌ని 300 గంటలు నడిపితే గొంతు మారుతుందా?

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా రాస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (నంగనల్లూరు నుంచి): మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నైలోనే ఉంటున్నాం. రిటైరయ్యాక వచ్చిన డబ్బులోంచి, ఇంట్లో అందరినీ ఒప్పించి, సెప్టెంబర్‌లో లక్షా డెబ్బై వేలు పెట్టి మంచి సీడీ ప్లేయర్ కొన్నాను. మొదటిరోజు వయొలిన్ చెవుల్లో గుచ్చుకున్నట్టు వినిపించింది, మృదంగం గుమ్కీలో పస లేదు. షాపాయనకి ఫోన్ చేస్తే, "కొత్త పెనం మీద మొదటి నాలుగు దోసెలు అంటుకోవా సార్, ఇదీ అంతే, 300 గంటలు నడపండి" అన్నాడు. రిపీట్‌లో పెట్టి రాత్రింబవళ్లు నడిపాను. ఇప్పుడు జనవరిలో వింటుంటే నిజంగానే బాగుంది, పాట విచ్చుకున్నట్టుంది. మా అల్లుడు మాత్రం అదంతా భ్రమ మామయ్యా అంటున్నాడు. ఎవరి మాట నిజం?

జవాబు: భ్రమ అనే మాట నాకు నచ్చదు సార్. మీకు వినిపించిన మార్పు నిజంగా వినిపించిందే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ మార్పు ప్లేయర్ లోపల జరిగిందంటే మాత్రం నేను ఒప్పుకోను. అల్లుడుగారి మాటలో సగం నిజం ఉంది, మీ చెవిలో మిగతా సగం ఉంది.

ముందు పెట్టె లోపల ఏం జరుగుతుందో చూద్దాం. డిస్క్ మీద కంటికి కనిపించనంత చిన్న గుంటలు ఉంటాయి, వాటి వరుసకీ వరుసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. 780 నానోమీటర్ల లేజర్ వాటిని చదువుతుంది. ఒక్కో ఛానల్‌కి (ఎడమకి, కుడికి విడివిడిగా) సెకనుకి 44,100 అంకెలు, ఒక్కోటీ 16 బిట్లు. 1982లో మొదటి ప్లేయర్ జపాన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడూ లెక్క ఇదే, మీ లక్షా డెబ్బై వేల పెట్టెలోనూ ఇదే. గీతలు పడి రెండు మిల్లీమీటర్ల మేర చదవలేకపోయినా, తప్పుల్ని సరిదిద్దే కోడ్ డిస్క్‌లోనే ఉంది కాబట్టి పోయిన అంకెలు తిరిగి దొరుకుతాయి. అంకె వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు, అంతేగానీ కొత్త ప్లేయర్ అంకెల్ని కరుగ్గా చదివి పాతబడ్డాక మెత్తగా చదవడం అంటూ ఉండదు. ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు, ప్లేయర్ వెనక డిజిటల్ అవుట్ ఉంటే దాన్ని కంప్యూటర్‌లోకి రికార్డు చేసి పెట్టుకోండి, నెల తర్వాత అదే పాట మళ్లీ రికార్డు చేసి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి, బిట్టుకి బిట్టు సరిపోతాయి.

ఇక అంకెలు కరెంటుగా మారిన తర్వాతి భాగం. ఇక్కడ మార్పు కొంచెం ఉంటుంది, లేదని అననుగానీ ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అంటే అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర. గోడౌన్‌లో చాలాకాలం కరెంటు లేకుండా పడుంటే ఆ పొర కాస్త బలహీనపడి లీకేజీ పెరుగుతుంది, స్విచ్ వేశాక మళ్లీ కుదురుకుంటుంది. ఇదంతా కొన్ని నిమిషాల్లో, మహా అయితే కొన్ని గంటల్లో అయిపోయే పని. లోపలి చిప్పులు, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి నిలకడకి రావడానికి అరగంట, పెద్ద పెట్టె అయితే గంట. అది కూడా వార్మప్ అవుతుందిగానీ బ్రేకిన్ (వాడేకొద్దీ వచ్చి అలాగే నిలిచిపోయే మార్పు) కాదు, రాత్రి ఆపేసి పొద్దున వేస్తే మళ్లీ మొదటికే. అంకెల వేగానికి తాళం వేసే క్లాక్ క్రిస్టల్ వయసుతో పాటు లెక్క నుంచి కాస్త పక్కకి జరుగుతుంది, నిజమే, కానీ అది పది లక్షల్లో ఒకటీ రెండూ వంతుల లెక్క. 440 హెర్ట్‌జ్ స్వరంలో పది లక్షల్లో ఒక వంతు తేడా అంటే 0.00044 హెర్ట్‌జ్. ఎంతటి విద్వాంసుడైనా ఆ తేడా చెప్పలేడు.

పెనం పోలిక వినడానికి బాగుంది, అందుకే అంతమంది నమ్ముతారు. పెనానికి నూనె పట్టాలి, కొత్త బండికి రింగులు అరిగి సర్దుకోవాలి, అందుకే మొదటి సర్వీసు దాకా మెల్లగా నడపమంటారు. తంబురా తీగ కింద దారాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదమే మారిపోతుంది. ఇవన్నీ ఒకదానికొకటి తగిలే, వంగే, అరిగే వస్తువులు. సీడీ ప్లేయర్‌లో అరిగేవి మోటారు, లేజర్ బండి జరిగే పట్టా, ట్రే బెల్టు. వీటిలో ఏది అరిగినా ప్లేయర్ తడబడుతుందేగానీ వయొలిన్ మెత్తబడదు.

మరి మీకు ఎందుకు బాగుంది? మీ ఉత్తరంలోనే నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఫ్యాను. మీరు కొన్నది సెప్టెంబర్‌లో, బాగుందని రాసింది జనవరిలో. సెప్టెంబర్‌లో చెన్నైలో ఫ్యానూ ఏసీ లేకుండా ఎవరైనా కూర్చోగలరా? మార్గళి నెల వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటితే ఫ్యాను అక్కర్లేదు, కిటికీ కూడా వేసేస్తాం. నా గదిలో ఫోన్ యాప్‌తో చూస్తే ఫ్యాను ఐదు మీద ఉన్నప్పుడు 47 చూపించింది, ఆపేస్తే 34. ఫోన్ మీటర్ కచ్చితమని అనను, కానీ ఆ రెండింటి మధ్య తేడా చూడండి, అది 13 డెసిబెల్స్. తంబురా శ్రుతి, గాయకుడు ఊపిరి తీసుకోవడం, పాట అయ్యాక హాల్లో మిగిలే నాదం, ఇవన్నీ ఆ పదమూడు డెసిబెల్స్ కిందే అణిగిపోయి ఉంటాయి. ఫ్యాను ఆగగానే అవి బయటికొస్తాయి. "విచ్చుకుంది" అన్నారు చూడండి, సరిగ్గా అదే మాట నేనూ వాడేవాణ్ణి.

రెండు, వాల్యూమ్. సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. ఖరీదైన ప్లేయర్లు కొన్ని అంతకంటే ఎక్కువ ఇస్తాయి. రెండున్నర ఇచ్చిందనుకోండి, ఆంప్లిఫయర్ నాబ్ పాత చోటే ఉన్నా శబ్దం దాదాపు 2 డెసిబెల్స్ పెరుగుతుంది. అది మనకి శబ్దం పెరిగినట్టు అనిపించదు, వయొలిన్ గుచ్చుకున్నట్టు అనిపిస్తుంది. నాలుగు వారాల్లో చెయ్యి తనంతట తనే నాబ్‌ని కాస్త కిందికి తెచ్చేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. మీ నాబ్ ఇప్పుడు ఏ గుర్తు దగ్గరుందో, పాత ప్లేయర్‌తో ఎక్కడ ఉండేదో ఒకసారి చూసి నాకు రాయండి.

మూడు, మీరే. పాత ప్లేయర్‌తో ఏళ్ల తరబడి విన్న చెవి మొదటిరోజే కొత్తదాన్ని ఒప్పుకోదు. కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు నేల వంకరగా కనిపించి, వారం తిరిగేసరికి మామూలైపోతుంది. అద్దాలు మారాయా? పైగా శబ్దం ఎలా ఉందన్న సూక్ష్మమైన జ్ఞాపకం కొన్ని సెకన్లకి మించి నిలవదు. సెప్టెంబర్ శబ్దాన్ని జనవరి శబ్దంతో పోల్చామని మనం అనుకుంటాం, నిజానికి జనవరి శబ్దాన్ని "సెప్టెంబర్‌లో బాగోలేదు" అన్న మాటతో పోలుస్తున్నాం.

నా సంగతి చెప్తాను. నేనూ ఒకప్పుడు గట్టిగా నమ్మినవాణ్ణే. నా ప్లేయర్ 400 గంటలు దాటాక తీయగా అయిందని ఎంతోమందికి చెప్పాను. బెసెంట్ నగర్‌లో ఉండే మిత్రుడు నా మాట విని అదే మోడల్ కొన్నాడు. అట్టపెట్టె విప్పినరోజే నా ప్లేయర్ వాళ్లింటికి తీసుకెళ్లాను. రెండూ గంటసేపు వేసి ఉంచాం. ఒకే వీణ సీడీవి రెండు కాపీలు, ఒకే ఆంప్లిఫయర్‌కి రెండు ఇన్‌పుట్లు. టెస్ట్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే నాది 2.05 వోల్టులు, వాడిది 2.01, అంటే 0.2 డెసిబెల్ లోపే, పనికొస్తుంది. ముందు చూస్తూ విన్నాం. నాది మెత్తగా ఉందని, కొత్తదాంట్లో మీటు కరుగ్గా ఉందని ఇద్దరం ఒక్క మాట మీద చెప్పాం.

తర్వాత ర్యాక్ ముందు దుప్పటి కట్టాం. ఒకే మోడల్ కాబట్టి ఒకే రిమోట్‌కి రెండు ప్లేయర్లూ పలికాయి, ప్లే నొక్కితే రెండూ కలిసి మొదలయ్యేవి, అది బాగా కలిసొచ్చింది. వదినగారు దుప్పటి వెనక కూర్చుని ఐదు రూపాయల బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకోటి పెట్టి, కాగితం మీద రాసుకున్నారు. పదహారు సార్లు. ఫ్యాను లేదు, చెమటలు కారుతున్నాయి, నేను మాత్రం ప్రతిసారీ "ఇది నాదే" అని నమ్మకంగా చెప్తున్నాను. చివరికి కాగితం తెరిస్తే నాకు పదహారులో 9 సరి, మిత్రుడికి 7. పదహారులో 12 వస్తే ఏదో వినిపించిందనుకోవచ్చు, ఎందుకంటే కళ్లు మూసుకుని చెప్పినా పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోయే అవకాశం నాలుగు శాతం లోపే. తొమ్మిదీ ఏడూ అంటే బిళ్ల ఎగరేసినట్టే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నా మాట నమ్మి నెలల తరబడి ప్లేయర్లు తిప్పినవాళ్లు గుర్తొచ్చారు.

ఇంత గట్టిగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. 300 గంటలు అంటే రోజుకి రెండు గంటలు వినేవాళ్లకి ఐదు నెలలు. వాపసు తీసుకునే గడువు మామూలుగా అంత ఉండదు. నచ్చని వస్తువు చేతికొస్తే వెనక్కివ్వాల్సిన రోజుల్లో మనం దాన్ని రిపీట్‌లో పెట్టి ఎదురుచూస్తుంటాం. షాపాయన అబద్ధం చెప్పాడని నేను అనడం లేదు, ఆయనా నమ్మే చెప్పి ఉండొచ్చు. కానీ నష్టం మనకే. కొత్త ప్లేయర్ గంటసేపు వేడెక్కాక, వాల్యూమ్ సరిచేశాక కూడా నచ్చకపోతే అది మీకు నచ్చలేదనే లెక్క. వెంటనే వెనక్కివ్వండి. మీది ఇప్పుడు బాగుంది కాబట్టి హాయిగా వినండి, ఆ రిపీట్ బటన్‌తో మీకిక పని లేదు.

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక సోదరి): మావారు కొత్త ప్లేయర్‌ని పది రోజులుగా ఆపడం లేదు. శబ్దం తగ్గించి పెట్టి పడుకుంటారు. కరెంటు బిల్లు సంగతి అలా ఉంచండి, మిషన్ పాడైపోతుందేమో అని నా టెన్షన్.

జవాబు: అమ్మా, కరెంటు గురించి భయం లేదు, ప్లేయర్ ఒక్కటే అయితే 20 వాట్ల లెక్కన 300 గంటలకి ఆరు యూనిట్లు. ఆంప్లిఫయర్ కూడా వేసి ఉంచుతున్నారేమో చూడండి, అది వాడే కరెంటు వేరు. మీ రెండో అనుమానమే సరైనది. లేజర్‌కి ఇన్ని గంటలని ఆయుష్షు ఉంటుంది, వాడేకొద్దీ దాని వెలుగు తగ్గుతుంది, మోటారు బేరింగ్ కూడా అంతే. డిస్క్ లోపలి అంచు చదివేటప్పుడు నిమిషానికి 500 చుట్లు, బయటి అంచుకి వచ్చేసరికి 200 చుట్లు తిరుగుతుంది. 300 గంటల కోసం పన్నెండు రోజులు ఆపకుండా తిప్పినంత మాత్రాన పాడైపోదు, కానీ ఎవరూ వినని పాట కోసం ఆ గంటలు ఖర్చు చేయడం దేనికి? ఇంకో పదేళ్లకి ఆ మోడల్‌కి లేజర్ పికప్ (లేజరూ లెన్సూ ఉండే భాగం) దొరక్కపోతే ఈ గంటలు గుర్తొస్తాయి. పై జవాబు ఆయనకి చదివి వినిపించండి, కోపం వస్తే నా మీద వేయండి.

ప్రశ్న (తరమణి నుంచి, విద్యార్థి): అయితే స్పీకర్ల బ్రేకిన్ కూడా అబద్ధమేనా అన్నా?

జవాబు: కాదు తమ్ముడూ, స్పీకర్లది వేరే కథ. కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు, వెనక ముడతల గుడ్డ, రెండూ వంగి వంగి కాస్త వదులవుతాయి, దాంతో డ్రైవర్ (స్పీకర్‌లో శబ్దం పుట్టించే భాగం) సహజ పౌనఃపున్యం కొంచెం కిందికి దిగుతుంది, మీటర్‌తో కొలిస్తే కనబడుతుంది. కానీ ఆ పని చాలావరకు మొదటి కొన్ని నిమిషాల్లోనే, మిగిలింది కొన్ని గంటల్లో అయిపోతుంది. పెట్టెలో బిగించాక వినిపించే తేడా ఇంకా తక్కువ. హెడ్‌ఫోన్లలో అయితే దిండ్లు నెలలు గడిచేకొద్దీ అణిగి చెవికి డ్రైవర్ దగ్గరవుతుంది, అక్కడ తేడా బాగానే తెలుస్తుంది, ముఖ్యంగా బేస్‌లో.

ప్రశ్న (అన్నానగర్ నుంచి): నా ప్లేయర్ అవుట్‌పుట్‌లో వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబుల్లాంటివి) ఉన్నాయి. దానికీ మీరు చెప్పిందే వర్తిస్తుందా?

జవాబు: పూర్తిగా కాదు. వాల్వులో కాథోడ్ వేడికి ఎలక్ట్రాన్లు వదులుతుంది, కొత్త వాల్వు మొదటి పదుల గంటల్లో స్థిరపడటం, వేల గంటలు నడిచాక బలం తగ్గడం రెండూ నిజమే. ఎడమ కుడి శబ్దాల్లో తేడా వచ్చినా, సన్నగా బుసబుస వినిపించినా రెండు వాల్వులూ ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి, లోపం కూడా అటు నుంచి ఇటు మారితే ఆ వాల్వు పని అయిపోయినట్టే. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న (తిరువాన్మియూరు నుంచి): మా నాన్నగారి సీడీ ప్లేయర్ పన్నెండేళ్లుగా అటక మీద ఉంది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు మళ్లీ పెట్టుకుని వినాలని ఉంది. కొన్నాళ్లు నడిపితే పాత గొంతు తిరిగి వస్తుందా?

జవాబు: తొందరపడి ప్లగ్గు పెట్టేయకండి. కరెంటు తగిలిన గంటలు లెక్కలోకి వచ్చేది నిజంగా ఇలాంటి చోటే. పన్నెండేళ్లు కరెంటు చూడని కెపాసిటర్లలో ఆక్సైడ్ పొర బాగా పల్చబడి ఉండొచ్చు, ప్లేయర్‌కి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే వాటిలో లీకేజీ ఎక్కువై వేడెక్కుతాయి, ఉబ్బి పోయేవీ ఉంటాయి. రిచీ స్ట్రీట్ (చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు) వైపు వెళ్లి, పాత సెట్లు చేసే చెయ్యి తిరిగిన టెక్నీషియన్‌ని వెతుక్కోండి. ముందు మూత తీసి కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడమనండి. మొదటిసారి నేరుగా కాకుండా సిరీస్ బల్బు పెట్టి వేయమనండి, లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ప్లేయర్ కాలిపోదు.

ట్రే తెరుచుకోకపోతే కంగారు పడొద్దు, రబ్బరు బెల్టు గట్టిపడి సాగిపోయి ఉంటుంది, చిన్న ఖర్చు. లేజర్ బండి జరిగే పట్టా మీద గ్రీజు జిగురైపోయి ఉంటుంది, పాతది పూర్తిగా తుడిచేసి కొత్తది పల్చగా రాయాలి. లెన్స్ మీద పన్నెండేళ్ల దుమ్ము ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క దూది పుల్లకి అంటించి, నొక్కకుండా, ఈక తగిలినట్టు తుడవాలి, ఎందుకంటే ఆ లెన్స్ తీగల మీద తేలుతూ ఉంటుంది. ప్లేయర్ నడుస్తున్నప్పుడు లెన్స్‌లోకి ఎవరూ తొంగి చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనిపించదు.

మీది సముద్రం పక్క ఇల్లు కాబట్టి ఇంకో మాట. వెనక ఎర్ర, తెల్ల సాకెట్లు చూడండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ప్లగ్గుల్ని నాలుగుసార్లు తిప్పుతూ పెట్టి తీస్తేనే సగం గరగర పోతుంది, మిగతాది కాంటాక్ట్ క్లీనర్‌కి పోతుంది. ఒక ఛానల్ రాకపోయినా లోపం లోపలే ఉందనుకోకండి, ముందు సాకెట్ చూడండి.

ఇవన్నీ అయ్యాక రెండు మూడు గంటలు వేసి ఉంచితే చాలు, కెపాసిటర్లు ఎంత కుదురుకోవాలో అంత కుదురుకుంటాయి. ఆ తర్వాత వినిపించేదే దాని గొంతు. నాన్నగారు వాడిన ఆంప్లిఫయర్, స్పీకర్లు కూడా ఇంట్లోనే ఉంటే వాటితోనే కలపండి, స్పీకర్లు ఆయన పెట్టిన గోడకే పెట్టండి. మీకు గుర్తున్న శబ్దంలో ప్లేయర్ కంటే ఆ గది వాటా ఎక్కువ. ప్లేయర్ వెనక రేకు మీద ఉన్న మోడల్ నంబర్ రాసి పంపండి, దానికి ఏ పికప్ సరిపోతుందో చూసి చెప్తాను.